ఎలుకలో ఆస్తమా తగ్గింది సరే, దాన్ని మందు అనొచ్చా?

ఫార్మకాలజీలో పీజీ చేస్తున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఓవాల్బుమిన్ అనే గుడ్డు ప్రోటీన్‌తో బాల్బ్-సి జాతి ఎలుకలకు ఆస్తమా తెప్పించారట. ఆ ప్రోటీన్ పీల్పించక ముందునుంచే ఒక మొక్క సారాన్ని కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున నోటి ద్వారా ఇచ్చారట. ఊపిరితిత్తులు కడిగిన ద్రవంలో ఇయోసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లరక్తకణాలు) 70 శాతం తగ్గాయట. దీన్ని ఆస్తమా మందు అనొచ్చా, గైడ్ చెప్పినట్టు గినీపిగ్‌లో కూడా చేయాలా, ఎలుకల్లో బాగా పనిచేసినవి మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు చతికిలపడతాయి? ఇవీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే అనకూడదు. మీ ఫలితం చెప్తున్నది ఇంతే: ఒకానొక జాతి ఎలుకలో మనం కృత్రిమంగా తెప్పించిన అలర్జీ వాపు, మందు ముందునుంచే ఇస్తూ వస్తే తగ్గింది. అది చిన్న విషయమేం కాదు. కానీ ఆస్తమా తగ్గడం వేరు. గినీపిగ్ సంగతంటారా, మీరు ఏం చెప్పదలుచుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. బిగుసుకున్న శ్వాసనాళాన్ని మీ సారం వదులు చేస్తుందని చెప్పాలంటే గినీపిగ్ కావాలి. వాపు తగ్గిస్తుందని మాత్రమే చెప్పాలంటే అక్కర్లేదు, ఆ శ్రమేదో ఎలుకలోనే ఇంకో పద్ధతి మీద పెట్టండి. మూడో ప్రశ్నకే జవాబు పొడుగు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. శ్వాసకోశ మందులు మనిషి దాకా వెళ్లకముందు జంతువుల్లో ఏం చేస్తాయో చూసే పని. కొండను తవ్వి ఎలుకను పట్టడం మిగతావాళ్లకు ఎగతాళి, మాకు ఉద్యోగం. (ఈ జవాబులో ఎలుక అంటే మౌస్. ర్యాట్‌ను ర్యాట్ అనే రాస్తాను.)

మొదట ఒప్పుకోవాల్సింది, ఎలుకకు దానంతటది ఆస్తమా రాదు. పిల్లులకు వస్తుంది. గుర్రాలకు ఎండుగడ్డి దుమ్ము, బూజు వల్ల దాదాపు అలాంటి జబ్బే వస్తుంది. ఎలుకకు మాత్రం మనమే తెప్పించాలి. ఎలా తెప్పిస్తామో మీకు తెలుసు, చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఓవాల్బుమిన్ అనే ప్రోటీన్‌ని, ఒంటి స్పందనను రెచ్చగొట్టే ఆలంతో కలిపి కడుపులోకి ఇంజెక్షన్ ఇస్తాం, సాధారణంగా మొదటి రోజు ఒకసారి, రెండు వారాలకు ఇంకోసారి. మూడో వారం దాటాక అదే ప్రోటీన్‌ని నెబ్యులైజర్ పొగలాగానో, ముక్కులో చుక్కలుగానో వరసగా కొన్ని రోజులు ఇస్తాం. ఊపిరితిత్తుల్లోకి ఇయోసినోఫిల్స్ దండెత్తి వస్తాయి, ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ పెరుగుతుంది, జిగురు పెరుగుతుంది. స్లైడు మీద చూస్తే అచ్చం ఆస్తమాలాగే కనిపిస్తుంది.

ఆ పోలిక దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఏ మనిషికీ కడుపులోకి ఆలం ఇంజెక్షన్ ఇస్తే ఆస్తమా మొదలవదు. పీల్చిన గాలి ద్వారా, శ్వాసనాళం లోపలి పొర ద్వారా, ఏళ్ల తరబడి మొదలవుతుంది. ఎలుకలో పొగ పట్టడం ఆపేస్తే కొన్ని వారాల్లో వాపు దానంతటదే తగ్గిపోతుంది. ఆపకుండా నెలల తరబడి పడుతూ పోతే ఇంకో తమాషా, ఎలుక ఆ ప్రోటీన్‌కు అలవాటు పడిపోయి వాపు తగ్గించుకుంటుంది. అంటే మన దగ్గరున్నది తీవ్రమైన, కొద్దికాలపు అలర్జీ వాపు. రోగి దగ్గరున్నది దీర్ఘకాలపు జబ్బు.

శరీర నిర్మాణం దగ్గరా తేడాలున్నాయి. మనిషి ఊపిరితిత్తుల్లో గొట్టాలు దాదాపు 23 తరాలుగా చీలుతూ పోతాయి, ఒక్కోటి ఇంచుమించు సమానమైన రెండు కొమ్మలుగా. ఎలుకలో ఒక పెద్ద గొట్టం సాగుతూ పక్కలకు చిన్న కొమ్మలు వేస్తుంది, తరాలు కూడా తక్కువ. జిగురు ఊరే గ్రంథులు మనిషికి లోపలి శ్వాసనాళాల్లోనూ ఉంటాయి, ఎలుకకు మెడలోని పెద్ద గొట్టం దగ్గరే ఆగిపోతాయి. అది ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నిమిషానికి రెండొందల సార్ల దాకా.

వీటన్నిటికంటే మందుల పరీక్షకు అసలు దెబ్బ కొట్టేది రసాయనాల తేడా. అలర్జీలో మనిషి మాస్ట్ కణం (రసాయనాలు నింపుకుని ఉండే ఒక రక్షణ కణం) పగిలితే హిస్టమిన్, ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు బయటికొచ్చి శ్వాసనాళాన్ని బిగిస్తాయి. ఎలుకలో ఆ పని ఎక్కువగా సెరటోనిన్ చేస్తుంది. హిస్టమిన్ ఇచ్చినా ఎలుక శ్వాసనాళం పెద్దగా కదలదు, ల్యూకోట్రయీన్ ఇచ్చినా అంతే. కాబట్టి ల్యూకోట్రయీన్‌ను అడ్డుకుని శ్వాసనాళం బిగుసుకోకుండా చూసే మందును ఎలుకలో పరీక్షించి "పనిచేయలేదు" అని రాస్తే తప్పు మందుది కాదు. ఎంచుకున్న జంతువుది.

ఇక్కడే గినీపిగ్ గొప్పతనం. దాని శ్వాసనాళపు కండరం ప్రవర్తన మనిషికి చాలా దగ్గర. హిస్టమిన్‌కు బిగుసుకుంటుంది, ల్యూకోట్రయీన్‌కు బిగుసుకుంటుంది, ఇన్‌హేలర్‌లో వాడే సాల్బుటమాల్‌కు వదులవుతుంది. అలర్జీ పదార్థం పీల్చిన వెంటనే వచ్చే స్పందన, గంటల తర్వాత వచ్చే రెండో స్పందన, రెండూ చూపిస్తుంది. 1910లోనే ఆవర్, లూయిస్ గినీపిగ్‌లో అనాఫిలాక్సిస్‌ను, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీని వర్ణించి, అది ఊపిరాడక చనిపోతోందని, కారణం శ్వాసనాళాలు బిగుసుకోవడమేనని రాశారు. 1940లో కెల్లవే, ట్రెథీవీ గినీపిగ్ ఊపిరితిత్తుల నుంచే ఒక పదార్థాన్ని పట్టారు. కండరాన్ని నెమ్మదిగా, చాలాసేపు బిగించే ఆ పదార్థం ఏమిటో తేలడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. 1979లో శామ్యూల్సన్ బృందం అవి ల్యూకోట్రయీన్లని చూపించింది. 1990ల చివరికి ల్యూకోట్రయీన్లను అడ్డుకునే జఫిర్లుకాస్ట్, మాంటెలుకాస్ట్ మందుల షాపుల్లోకి వచ్చాయి. గినీపిగ్ ఊపిరితిత్తి ముక్క దగ్గర మొదలై మాత్ర దాకా తెగకుండా వచ్చిన దారం ఇది. మా రంగంలో ఇలాంటివి తక్కువ.

గినీపిగ్ కూడా దేవుడేం కాదు. ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అనే ఇంకో వాపు రసాయనాన్ని అడ్డుకునే మందులు గినీపిగ్‌లో అద్భుతంగా పనిచేశాయి. మనుషుల ఆస్తమాలో తేలిపోయాయి. దీనికి తిరగేసిన కథ ఒకటుంది, ఎప్పుడు చెప్పినా నాకు నవ్వొస్తుంది. 1960ల్లో రోజర్ ఆల్టూన్యాన్ అనే డాక్టరు, స్వయంగా ఆస్తమా రోగి, జంతు పరీక్షల మీద నమ్మకం కుదరక కొత్త పదార్థాలను తన మీదే పరీక్షించుకున్నాడు. తనకు ఆస్తమా తెప్పించుకోవడానికి ఏం పీల్చాడో తెలుసా? గినీపిగ్ వెంట్రుకలు, చర్మపు పొట్టుతో చేసిన సారం. అంటే అక్కడ గినీపిగ్ అలర్జీ పదార్థం, డాక్టరు ప్రయోగ జంతువు! సోడియం క్రోమోగ్లైకేట్ అనే ఆస్తమా మందు అలా బయటపడింది. గినీపిగ్‌ను మాత్రమే నమ్ముకుని ఉంటే ఆ మందు దొరికేది కాదు. ఇది చదివి ఎవరూ తమ మీద ప్రయోగాలు మొదలుపెట్టకండి, ఆ రోజులు వేరు.

ఇప్పుడు అసలు కథ, ఐఎల్-5. ఎలుక అబద్ధం చెప్పిందా, మనం ప్రశ్న తప్పుగా అడిగామా అన్నది ఇందులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ఇయోసినోఫిల్స్‌ను పుట్టించి బతికించే సైటోకైన్, అంటే కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్, ఐఎల్-5. 1996లో ఆ జన్యువు తీసేసిన ఎలుకలకు ఓవాల్బుమిన్ పట్టి చూస్తే ఇయోసినోఫిల్స్ రాలేదు, ఊపిరితిత్తులకు దెబ్బ తగల్లేదు, శ్వాసనాళాన్ని బిగించే మెథకోలిన్ లాంటివి ఇచ్చినప్పుడు శ్వాసనాళం అతిగా బిగుసుకోవడం కూడా పోయింది. అందరూ పండగ చేసుకున్నారు. ఐఎల్-5ను పట్టి ఆపే యాంటీబాడీ తయారైంది. 2000లో మనుషుల్లో చేసిన చిన్న పరీక్ష ఫలితం వచ్చింది. రక్తంలో ఇయోసినోఫిల్స్ పడిపోయాయి, కఫంలోనూ పడిపోయాయి. కానీ అలర్జీ పదార్థం పీల్చాక గంటల తర్వాత వచ్చే ఊపిరి ఇబ్బంది తగ్గలేదు, హిస్టమిన్‌కు శ్వాసనాళం చూపించే చిరాకూ తగ్గలేదు. "ఎలుకను నమ్మి మోసపోయాం" అని ఆ రోజుల్లో మా రంగంలో అనని సీనియర్ లేడట.

ఆ 1996 ఎలుకలు సి57 బ్లాక్-6 జాతివి. తర్వాత బాల్బ్-సి జాతిలో చేసినవాళ్లకు ఐఎల్-5 లేకపోయినా శ్వాసనాళం చిరాకు మిగిలే ఉంది. 2004లో ఒకే పత్రికలో, పక్కపక్కన రెండు పత్రాలు వచ్చాయి. రెండిట్లోనూ ఇయోసినోఫిల్స్ అసలే లేని ఎలుకలు. ఒక బృందం "చిరాకూ పోయింది, జిగురూ తగ్గింది" అంది, రెండో బృందం "అవి రెండూ అలాగే ఉన్నాయి, కానీ శ్వాసనాళం గోడ మందం కావడం మాత్రం తగ్గింది" అంది. మొదటిది బ్లాక్-6, రెండోది బాల్బ్-సి. ఒకే జబ్బు, ఒకే కణం లేకపోవడం, జాతి మారితే జవాబు మారింది. ఎలుకలన్నీ ఒకటే అనుకోవడం మన పొరపాటు.

కథ అక్కడ ఆగి ఉంటే ఐఎల్-5 మట్టిలో కలిసిపోయేది. కొందరు పట్టువదలకుండా ప్రశ్న మార్చారు. ఆస్తమా ఉన్న అందరికీ ఇవ్వకుండా, స్టెరాయిడ్ వాడుతున్నా కఫంలో ఇయోసినోఫిల్స్ దండిగా ఉన్నవాళ్లకే ఇచ్చారు. ఆ రోజు ఊపిరి ఎంత ఊదారని చూడకుండా, ఏడాదిలో ఎన్నిసార్లు జబ్బు ముదిరిందో లెక్కపెట్టారు. 2009లో వచ్చిన రెండు పరీక్షల్లోనూ ముదరడం తగ్గింది. 2015లో ఆ ఐఎల్-5 యాంటీబాడీకి, మెపోలిజుమాబ్ పేరుతో, అనుమతి వచ్చింది. ఇయోసినోఫిల్ ముఖ్యమని ఎలుక చెప్పింది నిజమే. ఎవరికి ముఖ్యం, దేనికి ముఖ్యం అన్నది ఎలుక చెప్పలేదు. చెప్పగలిగేదీ కాదు, ఎందుకంటే ఎలుకకు జబ్బు ముదరడం అనేదే లేదు. మీరు మంగళవారం పొగ పడితే మంగళవారమే వస్తుంది.

ఐఎల్-13 అనే ఇంకో సైటోకైన్ కథ కూడా ఇంచుమించు ఇదే దారి. 1998లో ఎలుకలో అదొక్కటే చాలు ఆస్తమా లక్షణాలు తేవడానికి అని తేలింది. దాన్నొక్కదాన్నే ఆపే యాంటీబాడీలు పెద్ద పరీక్షల్లో నిలకడగా నిలబడలేదు. ఐఎల్-4, ఐఎల్-13 రెండూ వాడుకునే రిసెప్టర్‌ను మూసే డుపిలుమాబ్ మాత్రం 2018లో ఆస్తమాకు అనుమతి తెచ్చుకుంది. దారి ఎలుక సరిగ్గానే చూపింది, తలుపు ఏదన్నది మనుషుల్లోనే తేలింది. ఇక జంతువుల్లోనూ తొలి దశ పరీక్షల్లోనూ ఆశ పెట్టి, 2019లో మూడో దశలో కూలిన ఫెవిపిప్రాంట్ లాంటివి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

ఇప్పుడు మీ 70 శాతం దగ్గరికి వద్దాం. ముందొక మాట, బాధపడకండి. ఓవాల్బుమిన్ ఎలుకలో ఇయోసినోఫిల్స్ తగ్గించడం తేలిక. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తగ్గిస్తుంది, సగం మొక్కల సారాలు తగ్గిస్తాయి, ఎలుకను ఇబ్బంది పెట్టినా తగ్గుతాయి. ఆ చివరిది నేను సొంత అనుభవంతో చెప్తున్నాను.

నేను ఈ పనిలో చేరిన నాలుగో ఏడో ఐదో ఏడో, మా దగ్గరికి ఒక కాంపౌండ్ వచ్చింది. తక్కువ డోసులో ఏమీ లేదు, మధ్య డోసులో కొంచెం, పెద్ద డోసులో ఇయోసినోఫిల్స్ దాదాపు మాయం. గ్రాఫు మెట్లు దిగినట్టు దిగింది. మీటింగులో చప్పట్లు. నాకూ గర్వంగానే ఉంది, ప్రయోగం నాదే కదా. జంతుశాల చూసుకునే ఆయన, పెద్ద చదువు లేని మనిషి, కాఫీ తాగుతూ ఒక మాటన్నాడు: "సార్, ఆ చివరి బోనుల ఎలుకలు వారం నుంచి సరిగ్గా తినడం లేదు, వెంట్రుకలు లేచి ఒక మూల కూర్చుంటున్నాయి." బరువుల పుస్తకం తీసి చూస్తే పెద్ద డోసు గుంపు ఆరో వంతు బరువు కోల్పోయింది. అది మేం రాసుకున్నాం, చూసుకోలేదు. దాచిన సీరంలో కార్టికోస్టిరోన్ (ఎలుక ఒంట్లో పుట్టే స్టెరాయిడ్) కొలిస్తే ఆకాశంలో ఉంది. సంగతేమంటే, మందు వాటిని జబ్బు పడేసింది. జబ్బు పడిన ఎలుక తన అడ్రినల్ గ్రంథి నుంచి స్టెరాయిడ్ కుమ్మరించుకుంది. ఆ స్టెరాయిడ్ ఇయోసినోఫిల్స్‌ను ఊడ్చేసింది. మేం చప్పట్లు కొట్టింది ఎలుక సొంత మందుకు!

అప్పటినుంచి ఎవరైనా ఆస్తమా ఎలుకల గ్రాఫు చూపిస్తే నేను ముందు బరువుల పట్టిక అడుగుతాను. మిమ్మల్నీ అదే అడుగుతున్నాను. కిలోకు 400 మిల్లీగ్రాములంటే తక్కువ కాదు. శరీర ఉపరితలం లెక్కన ఎలుక డోసును 12.3తో భాగిస్తే మనిషి డోసు వస్తుంది. అంటే కిలోకు 32 చిల్లర, 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 2 గ్రాముల సారం. (ఆ లెక్క మనిషికి మొదటి డోసు ఎంత జాగ్రత్తగా మొదలుపెట్టాలో చూసుకోవడానికి పుట్టింది, అంత ఇస్తే పనిచేస్తుందని హామీ ఇవ్వడానికి కాదు. చాలామంది థీసిస్‌లలో అది తిరగబడిపోతోంది.)

రెండో అనుమానం ఓవాల్బుమిన్ సీసా మీద. మామూలు గ్రేడు ఓవాల్బుమిన్‌లో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ కలిసి ఉంటుంది. అది కొంచెం ఉంటే అలర్జీ వైపు తోస్తుంది, ఎక్కువైతే న్యూట్రోఫిల్స్ అనే వేరే తెల్లరక్తకణాల వైపు తిప్పేస్తుంది. మాకొకసారి సీసా బ్యాచ్ మారింది. అంతే, మూడు నెలలు ఒక్క ప్రయోగమూ పాత ప్రయోగంతో కలవలేదు. ఎవరి చెయ్యి బాగాలేదా అని ఒకరినొకరు అనుమానించుకున్నాం. మీరు వాడిన అన్ని గుంపులకూ ఒకే బ్యాచ్ వాడారా, ఎండోటాక్సిన్ కొలిచారా అన్నది థీసిస్‌లో రాయండి. సారం కలిపిన ద్రావకం సంగతి కూడా. డీఎంఎస్ఓ అనే ద్రావకం తనంతట తానే వాపు మీద పనిచేస్తుంది, కాబట్టి ఉత్త ద్రావకం ఇచ్చిన గుంపు లేకపోతే మీ 70 శాతంలో ఎంత మీ మొక్కదో చెప్పలేరు.

మూడోది, మీరు శ్వాసనాళం పనితీరు కొలిచినట్టు ప్రశ్నలో లేదు. కణాలు లెక్కపెట్టడం వేరు, ఊపిరి కొలవడం వేరు. ఆస్తమా రోగి డాక్టరు దగ్గరికి ఇయోసినోఫిల్స్ ఎక్కువయ్యాయని రాడు, ఊపిరి ఆడక వస్తాడు. మీ దగ్గర ఎలుకను డబ్బాలో వదిలి కొలిచే యంత్రం ఉండి, అది "పెన్‌హెచ్" అనే అంకె ఇస్తుంటే, దాన్నే నమ్ముకుని శ్వాసనాళం చిరాకు (అతిస్పందన) తగ్గిందని రాయకండి. అది ఊపిరి తీసే తీరును చూపిస్తుంది, శ్వాసనాళం ఎంత బిగుసుకుందో నేరుగా కొలవదు. 2004 నాటికే ఈ కొలతను నిపుణులు గట్టిగా తప్పుపట్టారు, అయినా ఇప్పటికీ పత్రాల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఎలుకకు మత్తిచ్చి, గొంతులో గొట్టం పెట్టి, మెథకోలిన్ డోసు పెంచుతూ ఫోర్స్‌డ్ ఆసిలేషన్ పద్ధతిలో (గాలిని చిన్న అలలుగా లోపలికి నెట్టి) గాలికి తగిలే నిరోధం కొలవడమే సరైన దారి. యంత్రం లేకపోతే ఉన్న ప్రయోగశాలతో కలిసి చేయండి. అదీ కుదరకపోతే ఆ మాటే రాయకండి. రాయకపోవడం కూడా నిజాయితీయే.

మందు ఎప్పుడు ఇచ్చారన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు పొగ పట్టడానికి ముందునుంచే ఇచ్చారు. అలా ఇస్తే జబ్బు రాకుండా ఆపగలదా అని తెలుస్తుంది. రోగి మన దగ్గరికి జబ్బు వచ్చి పదేళ్లయ్యాక వస్తాడు. అందుకే వాపు పూర్తిగా కుదురుకున్నాక మందు మొదలుపెట్టే గుంపు ఒకటి కావాలి. నా అనుభవంలో ముందు ఇస్తే 70 చూపించినవి, తర్వాత ఇస్తే 20-30కి పడిపోవడం మామూలే. మీదీ పడిపోతే దిగులు పడకండి, అది కూడా ఫలితమే, రాయండి.

ఆ గుంపును ఓవాల్బుమిన్‌లో కాకుండా ఇంటి దుమ్ములో ఉండే మైట్ పురుగు సారంతో చేయమంటాను. ముక్కు ద్వారా, ఆలం లేకుండా, వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు. ఇది మనుషుల్లో నిజంగా ఆస్తమా తెప్పించే అలర్జీ పదార్థమే, వెళ్లే దారి కూడా నిజమైన దారే. దీన్లోనూ బ్యాచ్ తేడాల గొడవ ఉంది, అయినా ఓవాల్బుమిన్ కంటే నయం. ఒక చిన్న చిట్కా: ముక్కులో 10 మైక్రోలీటర్లు వేస్తే ముక్కులోనే ఉండిపోతుంది. తేలికపాటి మత్తులో 50 దాకా వేస్తేనే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇది తెలియక రెండు నెలలు ఎలుకలకు జలుబు తెప్పించిన విద్యార్థిని ఒకరిని నేను ఎరుగుదును. (ఇప్పుడామె మంచి శాస్త్రవేత్త.)

గినీపిగ్ గురించి మీ గైడ్‌తో గొడవ పడకండి, మధ్యేమార్గం ఉంది. బతికున్న గినీపిగ్‌లకు అలర్జీ తెప్పించే ప్రయోగం మీ స్థాయిలో వద్దు. అది దానికి కష్టం, మీకూ కష్టం. అలర్జీ పదార్థం పట్టగానే అనాఫిలాక్సిస్‌తో చనిపోకుండా ముందే మెపిరమిన్ లాంటి యాంటీహిస్టమిన్ ఇవ్వాల్సి వస్తుంది. దానికి బదులు శ్వాసనాళం రింగులు ఆర్గాన్ బాత్‌లో (కణజాలాన్ని బతికించి ఉంచే ద్రవపు తొట్టి) కట్టి, కార్బకోల్‌తోనో హిస్టమిన్‌తోనో బిగించి, మీ సారం వేసి వదులవుతుందో లేదో చూడండి. ఒక్క జంతువు నుంచి ఆరేడు రింగులు వస్తాయి. వారంలో తేలిపోతుంది. వదులైతే మీకు ఇంకో అధ్యాయం, వదులవకపోతే "వాపు మీదే పని, కండరం మీద కాదు" అన్న స్పష్టత. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు, అంటే వీలైతే జంతువు బదులు వేరేది వాడు, తక్కువ జంతువులు వాడు, బాధ తగ్గించు అన్నవి, ఎథిక్స్ ఫారం నింపడానికే అనుకుంటాం. ఇలాంటి చోట అవే మంచి ప్రయోగానికీ దారి చూపిస్తాయి.

ఇంకో అడుగు వేయగలిగితే మనిషి కణజాలం. శస్త్రచికిత్సలో తీసిన ఊపిరితిత్తిని పలుచని ముక్కలుగా కోసి కొన్ని రోజులు బతికించవచ్చు. ఆ ముక్కలో చిన్న శ్వాసనాళం బిగుసుకోవడం మైక్రోస్కోపులో కళ్లతో చూడొచ్చు. మొదటిసారి చూసినప్పుడు నేను పని మర్చిపోయి అరగంట అలా చూస్తూ ఉండిపోయాను. శ్వాసనాళపు పొరను గాలికి తెరిచి పెంచే కల్చర్లు, చిప్ మీద పెంచే ఊపిరితిత్తులు కూడా బాగా ముందుకెళ్లాయి. 2022 చివర్లో అమెరికా చట్టం మార్చి కొత్త మందులకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న పదాన్ని తీసేసింది. దాంతో "ఇక ఎలుక పని అయిపోయింది" అని రాసేవాళ్లు ఎక్కువయ్యారు. నాకు అంత నమ్మకం లేదు. చిప్‌లో ఎముక మజ్జ నుంచి ఇయోసినోఫిల్స్ బయల్దేరి రావు, నరం దగ్గు తెప్పించదు, కాలేయం మందును విరగ్గొట్టదు. పై పొరకు సంబంధించిన ప్రశ్నైతే చిప్ ఎలుక కంటే మేలు, ఒళ్లంతా కలిసి చేసే పనైతే ఇంకా కాదు.

మీకు నేరుగా సంబంధం లేకపోయినా యాంటీబాడీ మందుల గురించి ఒక మాట. ఓమాలిజుమాబ్ అనే ఆస్తమా మందు మనిషి ఐజీఈని పట్టుకుంటుంది, ఎలుక ఐజీఈని పట్టుకోదు. అలాంటి మందును మామూలు ఎలుకలో పరీక్షించడం తాళంలో వేరే ఇంటి తాళంచెవి తిప్పడమే. అందుకే ఎలుకకు సరిపోయే నకలు యాంటీబాడీ తయారు చేసుకుంటారు, లేదా కోతుల దగ్గరికి వెళ్తారు. కోతి దగ్గరైనా భరోసా లేదని 2006 మార్చిలో లండన్‌లో తెలిసింది. టీజీఎన్1412 అనే యాంటీబాడీని, అది ఆస్తమా మందు కాదు, కోతుల్లో ఇబ్బంది లేని డోసులో 500వ వంతు ఇచ్చారు. తీసుకున్న ఆరుగురు వాలంటీర్లూ ఐసీయూ పాలయ్యారు. మనిషి టీ కణాల్లో ఒక రకం మీద ఉన్న గ్రాహకం, ఆ కోతుల్లో అదే రకం మీద లేదు. అంత చిన్న తేడా.

దీనికి ఎదురుగా, జంతువు అనవసరంగా భయపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. సాల్బుటమాల్ దీర్ఘకాలం ఇచ్చిన ర్యాట్‌లలో అండాశయాన్ని పట్టి ఉంచే పొరలో గడ్డలు వచ్చాయి. ఆ మాట ఇప్పటికీ మందు కాగితంలో ఉంటుంది. కోట్లమంది దశాబ్దాలుగా పీలుస్తున్నారు.

ఇక మీరు చేయాల్సినవి, నా మాటగా. డెక్సామెథసోన్ గుంపు లేకపోతే పెట్టండి, అది పనిచేయని చోట మీ ప్రయోగమే పనిచేయలేదు. కణాలు లెక్కపెట్టేవాళ్లకు ఏ స్లైడు ఏ గుంపుదో తెలియకూడదు. మీరే లెక్కపెడితే ఇంకొకరితో కోడ్ వేయించుకోండి, ఎంత నిజాయితీపరులైనా సరే, కన్ను మనసు మాట వింటుంది. ఒకే బోనులో ఒకే గుంపును పెట్టకుండా కలిపి పెట్టండి. ఆడ ఎలుకలనే వాడారనుకుంటాను, చాలామంది వాడేది అవే, వాటిలో వాపు ఎక్కువ వస్తుంది కాబట్టి. ఆ సంగతి రాయండి.

థీసిస్ పేరు "ఫలానా మొక్క ఆస్తమా నివారణ ప్రభావం" అని పెట్టకండి. "ఓవాల్బుమిన్‌తో కలిగించిన అలర్జీ శ్వాసనాళ వాపుపై, బాల్బ్-సి ఎలుకల్లో, ఫలానా సారం ప్రభావం" అని పెట్టండి. పొడుగే, నోరు తిరగదు, పరీక్షకులు మాత్రం మిమ్మల్ని ఒక్క ప్రశ్న తక్కువ అడుగుతారు. ముందు ఆ బరువుల పుస్తకం తీసి, పెద్ద డోసు గుంపు మొదటి రోజు బరువు, చివరి రోజు బరువు ఇక్కడే రాయండి. సీరం మిగిలి ఉంటే పారేయకండి, కార్టికోస్టిరోన్ కొలవాల్సి రావచ్చు.